ఉత్తరానికి రెండొందల అంగలు

మా ఊళ్ళో చేపల సంగతి వచ్చేసరికి ఎవడూ నిజం చెప్పడు. మిగతా విషయాల్లో అందరూ పెద్దమనుషులే. ఆదివారం చర్చిలో ముందు బెంచీ మీద కూర్చునేవాడు కూడా, "వాలై చేపలు ఎక్కడ పడ్డాయయ్యా?" అంటే సరస్సుకి ఆ చివరికి వేలు చూపిస్తాడు. వాడు పట్టింది ఈ చివర.

ఈ సంగతి నాకు అందరికన్నా బాగా తెలుసు. మిన్నెసోటా ఉత్తరపు కొసలో, కోర్పి సరస్సు ఒడ్డున ముప్ఫై ఏళ్ళుగా ఎరల కొట్టు నడుపుతున్నాను. గాలాలూ ఎరలూ అమ్మడమే కాదు, జనం చేతిలో పట్టుకు తిరిగే జీపీఎస్‌లలోకి సరస్సు పటాలు ఎక్కించేదీ నేనే. సరస్సు గడ్డకట్టాక పైనంతా ఒకటే తెలుపు. కింద ఏ దిబ్బ ఎక్కడుందో, లోతు ఎక్కడ జారిపోతుందో పటం లేకపోతే ఎవడికీ తెలీదు.

పటాలు మూడు రకాలు. ప్రభుత్వం వాళ్ళు ఎప్పుడో కొలిచింది ఒకటి. పది అడుగులకో లోతు గీత. దాన్ని నమ్ముకుంటే దారి తప్పరు గానీ చేపా దొరకదు. కొనుక్కునే పటం రెండోది. అడుగుకో గీత, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, మాలాంటి చిన్న సరస్సు దగ్గరికొచ్చేసరికి సగం ఊహే. మూడోది, ఎవడికి వాడు వేసవంతా పడవలో తిరిగి లోతులు కొలిచి తయారుచేసుకున్నది. అసలు పటం అదే. దాన్ని ఎవడూ ఎవడికీ ఇవ్వడు.

పోనీ అందులోనైనా నిజం పెట్టుకుంటారా అంటే, అదీ లేదు. రేపు యంత్రం ఎవడి చేతికైనా చిక్కితే? అందుకని తమ చోటుని ఉన్నచోట గుర్తు పెట్టరు, కాస్త జరిపి పెడతారు. ఓర్విల్ అనే ముసలాయన తూర్పుకి జరుపుతాడు. ఎంతో మాత్రం చెప్పడు. యంత్రం నా చేతికిచ్చి, నేను పటం ఎక్కిస్తున్నంతసేపూ నా భుజం మీదినుంచి తొంగి చూస్తూనే ఉంటాడు. "చూడనులే తాతా, నీ గుట్టు నాకెందుకు" అంటే, "నీ మొహం చూస్తే నమ్మాలనిపించదురా రేనో" అంటాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

మా బావ వెర్నర్ మాత్రం ఎప్పుడూ ఉత్తరానికి రెండొందల అంగలు జరిపేవాడు. యంత్రంలో చుక్క ఎక్కడుంటే, అక్కణ్ణుంచి దక్షిణానికి రెండొందల అంగలు వేస్తే అసలు చోటు వస్తుంది. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. వెర్నర్‌కీ, నాకూ.

వెర్నర్ నీళ్ళలో పడిపోయి ఫిబ్రవరికి పద్నాలుగు నెలలైంది. మనిషి దొరకలేదు.

ఆ ఫిబ్రవరిలోనే, ఒక మంగళవారం మధ్యాహ్నం, మా చెల్లెలు ఐలి కొట్టుకొచ్చింది. వెర్నర్ పెళ్ళాం. కోటు మీది మంచు దులుపుకుని, గుడ్డలో చుట్టిన ఏలకుల రొట్టె నా ముందు పెట్టింది. దాని పక్కనే పసుపుపచ్చ జీపీఎస్ ఒకటి పెట్టింది.

"దీన్లో మంచి పటం ఎక్కించు అన్నయ్యా."

"నీకెందుకే ఇది?"

"ఆయన పడిపోయిన చోటికి వెళ్ళొస్తా. స్ప్రూస్ చెట్టు కొమ్మ ఒకటి పాతి వస్తా. సమాధి చెయ్యడానికి మనిషి ఎలాగూ దొరకలేదు." గొంతు తొణకలేదు. ముందే ఇంట్లో ఏడ్చేసి వచ్చినట్టుంది.

మా దగ్గర గడ్డ విరిగి ఎవరైనా పడిపోతే అక్కడ కొమ్మ పాతడం ఉంది. తరవాత వచ్చేవాళ్ళు ఆ పక్కకి పోకుండా. యంత్రాన్ని చేతిలోకి తీసుకుని తిప్పాను. కింద ఒక మూల ప్లాస్టిక్ కరిగి ముడుచుకుంది.

వెర్నర్ ఒకసారి తన జీపీఎస్‌ని పొయ్యి మీద పెట్టి మర్చిపోయాడు. సరిగ్గా ఇదే మూల కరిగింది. కానీ అది వెర్నర్ మెడలో తాడుకి వేలాడుతూ నీళ్ళలోకి పోయింది. నా కళ్ళతో చూశాను.

"ఎక్కడిదే ఇది?"

"అదేంటి? నువ్వే కదా మా గుమ్మంలో పెట్టి వెళ్ళావు? నిన్న పొద్దున తలుపు తీస్తే కట్టెల పక్కనుంది. నాకు వాడటం రాదనుకుని చెప్పకుండా పెట్టావనుకున్నా."

నేను పెట్టలేదు. కానీ ఆ మాట అనలేదు. ఐలి కళ్ళలోకి చూశాను. ఇది నన్ను పరీక్షిస్తోందా? షెరీఫు గానీ దీనికి ఏమైనా చెప్పి పంపాడా? ఎవడికో ఇది సరస్సులో దొరికిందా? దొరికితే ఎక్కడ దొరికింది?

"ఆఁ... నేనే పెట్టాను," అన్నాను.

ఎందుకంత భయపడ్డానో ఇప్పుడు చెప్పేస్తాను. చెప్పకపోతే ఈ కథ చెప్పడమే దండగ.

ఆ డిసెంబరులో సరస్సు అప్పుడే గడ్డకట్టింది. మూడు అంగుళాలు కూడా లేదు. వెర్నర్ గునపంతో పొడిచి చూసి, "వద్దు బావా, వారం ఆగుదాం" అన్నాడు. కొత్త గడ్డ కింద వాలై చేపలు పిచ్చిగా పడతాయి. నేను ఆగలేకపోయాను. "భయమేస్తే ఇంటికెళ్ళి ఐలికి ఉన్ని ఉండలు చుట్టిపెట్టు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. పౌరుషానికి వచ్చాడు. మా ఇద్దరి రహస్యపు చోటుకి పది అంగల ఇవతల, చప్పుడు లేకుండా దిగిపోయాడు. చెయ్యి అందలేదు. పైప్ పొగాకు వాసన ఇంకా అక్కడే ఉంది, మనిషి లేడు.

నేను పాక్కుంటూ ఒడ్డుకొచ్చేసరికి మంచు తుఫాను మొదలైంది. షెరీఫు వచ్చేసరికి సరస్సంతా కొత్త మంచు కప్పేసింది. "ఎక్కడ రేనో? సరిగ్గా చూపించు," అన్నాడు. నేను పటం మీద వేలు పెట్టాను. ఉత్తరానికి రెండొందల అంగలు జరిపి పెట్టాను.

ఒట్టు, కావాలని కాదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ చోటు ఎవరడిగినా నా వేలు దానంతటదే జరుగుతుంది. కానీ మర్నాడు? ఆ మర్నాడు? నీళ్ళలో దిగేవాళ్ళు అక్కడ వెతికి వెతికి ఉత్త చేతులతో పైకొస్తుంటే నేను నోరు విప్పొచ్చుగా? విప్పలేదు. ముందే అబద్ధం ఎందుకు చెప్పావంటారని భయం. అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకోటుంది. ఆ చోటు సరస్సు మొత్తానికి బంగారం లాంటిది. నేను చూపిస్తే రేపు ఊరంతా అక్కడే కూర్చుంటుంది. చేప కోసం మనిషిని దాచాను. తోడబుట్టినదాని మొగుణ్ణి.

ఐలిని పొయ్యి దగ్గర కూర్చోమని, యంత్రం పట్టుకుని వెనక గదిలోకి పోయాను. తెర వెలిగింది. ఏ పటం కావాలో ఎంచుకోమంది. మూడు వరసలున్నాయి. మొదటిది ప్రభుత్వం వాళ్ళది. రెండోది కొన్నది. మూడో వరసలో పేరు లేదు.

నొక్కాను. కోర్పి సరస్సే. అడుగుకో గీత, ఒక్కటీ ఊహ కాదు. రాతి దిబ్బకి దక్షిణాన, ముప్ఫై ఒక్క అడుగుల లోతులో, నీళ్ళకింద ఉన్న ఆ చిన్న మిట్ట కూడా ఉంది. మా రహస్యపు చోటు. ఆ మిట్ట ఏ పటంలోనూ లేదు. దాన్ని కొలిచినవాడు ఒక్కడే.

ఆ పటాన్ని చెరిపేశాను. చెరిగిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. తరవాత ప్రభుత్వం వాళ్ళ పటం ఎంచుకున్నాను. పది అడుగుల గీతల్లో ఏ మిట్టా కనబడదు. అందులో షెరీఫుకి చూపించిన దొంగ చోటులోనే చుక్క పెట్టాను. పద్నాలుగు నెలల తరవాత అదే అబద్ధం రెండోసారి, అదీ చెల్లెలి చేతిలో పెట్టి. సిగ్గేసింది. అయినా పెట్టాను.

"నేనూ వస్తా. ఒక్కదానివే ఎలా వెళ్తావు?" అన్నాను బయటికొచ్చి.

"రా. నువ్వు రాకపోతే ఎలా?" అంది ఐలి. ఆ మాట ఎందుకన్నదో నాకు అర్థం కాలేదు. నిండా అనుమానం పట్టుకుంది.

మూడింటికి తూర్పు రేవు దగ్గర గడ్డ మీదికి దిగాం. ఈసారి రెండడుగుల మందం ఉంది, లారీ పోయినా మోస్తుంది. ఐలి ముందు, భుజాన స్ప్రూస్ కొమ్మ. చలికి బ్యాటరీలు చచ్చిపోతాయని యంత్రాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని, మధ్యమధ్య తీసి బాణం చూసుకుంటోంది. మేం పడమటికి పోవాలి. మధ్యలో రాతి దిబ్బ తగులుతుంది. అది ఎడమ చేతి పక్క వస్తే దొంగ చోటుకి దారి. కుడి చేతి పక్క వస్తే అసలు చోటుకి.

సగం దూరం పోయాక మంచు మొదలైంది. గాలి లేదు. నిలువుగా, చప్పుడు లేకుండా రాలుతోంది. కాసేపటికి ఆకాశం లేదు, ఒడ్డు లేదు. పాలగిన్నెలో పడ్డ ఈగల్లా ఉన్నాం ఇద్దరం. మా బూట్ల కిరకిర తప్ప ఏం వినబడటం లేదు.

అప్పుడు రాతి దిబ్బ కనబడింది. నల్లగా, తెల్లటి దాంట్లోంచి తోసుకొచ్చినట్టు.

కుడి పక్కన...

ఆగిపోయాను. "ఐలీ, ఆగు. తప్పు దారి. ఉత్తరానికి పోవాలి."

"బాణం ఇటే చూపిస్తోంది అన్నయ్యా."

"ఏదీ, ఇలా తే!"

లాక్కున్నంత పని చేశాను. తెర మీద అడుగుకో గీత. నేను చెరిపేసిన పటం. అందులో నేను పెట్టిన చుక్క, పెట్టినచోటే ఉంది. అంగుళం కూడా జరగలేదు. బాణం దానివైపే చూపిస్తోంది. దిబ్బ కూడా తెరలో ఎడమ పక్కనే ఉంది... నా కళ్ళముందు మాత్రం కుడి పక్కనుంది.

వెర్నర్ పటం. వెర్నర్ లెక్క. చుక్క ఒకచోట, మనిషి రెండొందల అంగల దక్షిణాన.

"పోదాం పద వెనక్కి. మంచు ఎక్కువైంది."

"ఇంత దూరం వచ్చి?" అంది. యంత్రం నా చేతిలోంచి తీసుకుని నడిచింది. నేను వెనకాలే నడిచాను. ఒంటరిగా నిలబడే ధైర్యం లేదు.

ముందు వాసన తగిలింది. పైప్ పొగాకు. ఐలి రొట్టెలో ఏలకులు. ఆ రొట్టె నా కొట్టులో బల్ల మీద ఉండిపోయింది. ఇక్కడ ఎందుకు...

యంత్రం కూసింది. చేరాం.

గడ్డలో కన్నం. చేతి బర్మాతో అప్పుడే తొలిచినట్టుంది. చుట్టూ గడ్డ పొడి ఇంకా తడిగా ఉంది. పక్కన బోర్లించిన బకెట్. కన్నం మీద జెండా గాలం. చేప ఎర లాగితే జెండా టక్కున లేచే రకం. జెండాకి ఎర్ర గళ్ళ చొక్కా పీలిక కట్టి ఉంది, వెర్నర్ తన గాలాలకి కట్టుకునే గుర్తు. అంత మంచు కురుస్తోంది, బకెట్ మీద ఒక్క రవ్వ లేదు. అక్కడికి వచ్చిన అడుగులు లేవు. వెళ్ళిన అడుగులూ లేవు.

"ఎవరో చేపలు పడుతున్నారు," అంది ఐలి గుసగుసగా.

"ముట్టుకోకు."

టక్.

జెండా లేచింది.

ఐలి మోకాళ్ళ మీద కూర్చుంది. తాడు పట్టుకుంది. చేయి మీద చేయి వేసి లాగుతోంది. బరువుగా వస్తోంది... ఆగుతోంది... మళ్ళీ వస్తోంది. ముప్ఫై ఒక్క అడుగులు. నేను లెక్కపెడుతున్నాను. ఆపుకోలేక లెక్కపెడుతున్నాను.

కన్నంలోంచి ఉన్ని చేతి తొడుగు పైకొచ్చింది. ఆకుపచ్చ తొడుగు, బొటనవేలు మాత్రం ఎరుపు. అలా అల్లేది మా ఊళ్ళో ఐలి ఒక్కతే. చలికి మా కళ్ళముందే గట్టిపడింది. లోపల చెయ్యి లేదు. కానీ వేళ్ళు మడిచి ఉన్నాయి, దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు.

ఐలి అరవలేదు. తొడుగుని ఒళ్ళో పెట్టుకుంది. తలెత్తి రాతి దిబ్బ వైపు చూసింది.

"అన్నయ్యా... షెరీఫుకి నువ్వు చెప్పింది దిబ్బకి అవతలి పక్క కదా?"

నేను బూటుతో గడ్డ పొడిని పక్కకి తోస్తున్నాను.

"మరి ఇక్కడెందుకున్నాడు ఈయన?"

అక్కడే కూలబడి అంతా చెప్పేశాను. మూడు అంగుళాల గడ్డ, ఉన్ని ఉండల వెటకారం, జరిపిన వేలు. వాలై చేపల సంగతి కూడా చెప్పాను.

"చేప కోసమా?" అంది.

"తప్పయిపోయింది ఐలీ..."

"ప్రతి ఆదివారం వచ్చావు. నా బల్ల దగ్గర కూర్చున్నావు. 'దొరుకుతాడులేవే, ధైర్యంగా ఉండు' అన్నావు. నా చేతి కాఫీ తాగి ఆ మాట అన్నావు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "వెళ్ళు. షెరీఫుని తీసుకురా."

"నువ్వు కూడా రా. చీకటి పడుతోంది."

"ఆయన్ని మళ్ళీ ఒక్కణ్ణే వదల్ను."

బకెట్ మీద కూర్చుంది. నేను లేచి నడిచాను. ఇరవై అంగలు వేశానో లేదో, వెనక ఐలి మెల్లగా మాట్లాడటం వినబడింది. మాట్లాడుతోంది... ఆగుతోంది. అవతలి మనిషి చెప్పేది వింటున్నట్టు ఆగుతోంది. తరవాత చిన్నగా నవ్వింది. నేను వెనక్కి తిరగలేదు. పరిగెత్తాను.

మర్నాడు నీళ్ళలో దిగినవాళ్ళకి అరగంట పట్టలేదు. మిట్ట పక్కనే ఉన్నాడు వెర్నర్. ఒక చేతికి తొడుగు ఉంది, ఒక చేతికి లేదు. మెడలో తాడుకి పసుపుపచ్చ జీపీఎస్ వేలాడుతోంది. షెరీఫు దాన్ని నాకు చూపించి, "ఇది ఆయనదేనా?" అన్నాడు. నాచు పట్టింది, తెర పగిలింది. కింద ఒక మూల కరిగి ముడుచుకుంది. నేను ఐలి వైపు చూశాను. ఐలి తన కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి, తీసింది. ఏం లేదు. వేళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

నేల కరిగాక ఏప్రిల్‌లో సమాధి చేశారు. ఐలి నన్ను పెట్టె పట్టనివ్వలేదు. ఊళ్ళో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. ఓర్విల్ కూడా రావడం మానేశాడు. నాకు దక్కాల్సిందే దక్కింది, ఎవర్నీ తప్పుపట్టను.

సమాధి చేసిన మర్నాడు పొద్దున తలుపు తీస్తే, మా ఇంటి గుమ్మంలో, కట్టెల పక్కన, అది ఉంది. నాచు లేదు. తెర పగల్లేదు. నేను ముట్టుకోకముందే వెలిగే ఉంది.

ఈసారి ఎంచుకోమని అడగలేదు. ఒక్కటే పటం. అడుగుకో గీత. ఒక్కటే చుక్క. దాని మీద పేరు ఉంది: రేనో.

మా ఇల్లు సరస్సుకి దక్షిణపు ఒడ్డున, నీళ్ళకి ఎదురుగా. చుక్క మా ఇంటి ముందే ఉంది, ఒడ్డునుంచి నూటనలభై అంగల దూరాన, గడ్డ మీద. ఏప్రిల్ గడ్డ. బూడిదరంగుకి తిరిగి మెత్తబడిపోయింది, పిల్లి నడిచినా విరుగుతుంది. నాకు నవ్వొచ్చింది. "నేను వస్తాననుకున్నావా బావా? నాకేం పిచ్చా?" అని పైకే అన్నాను. ఇక ఈ జన్మలో గడ్డ మీద కాలు పెట్టను. బర్మా, గాలాలు, గునపం, బకెట్ అన్నీ కొట్టులో పడేసి తాళం వేశాను. నిశ్చింతగా కాఫీ పెట్టుకున్నాను.

కాఫీ సగంలో ఉండగా గుర్తొచ్చింది.

ఆ చుక్క పెట్టింది వెర్నర్.

కప్పు అక్కడే వదిలేసి ఒడ్డుకి పోయాను. చుక్కనుంచి ఒడ్డుకి నూటనలభై. రెండొందల్లో మిగిలినవి అరవై. దక్షిణానికి తిరిగి, ఇంటివైపు అంగలు వేశాను. నలభై ఒకటికి అరుగు. యాభైకి వంటిల్లు. యాభై ఏడుకి పడకగది గుమ్మం. అరవయ్యోది నా మంచం పక్కన పడింది. నేను పొద్దున లేచి కాళ్ళు కింద పెట్టే చోట.

చెక్క నేల మీద గుండ్రంగా తడి ఉంది. సరిగ్గా బర్మా వెడల్పు.

గుడ్డ పెట్టి తుడిచాను. పొడిగా అయ్యేదాకా తుడిచాను. ఆ రోజునుంచి కొట్టులోనే పడుకుంటున్నాను, ఇంటికి పగలే వెళ్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం బట్టల కోసం వెళ్ళినప్పుడు చూశాను. తడి మళ్ళీ ఉంది. దాని చుట్టూ సన్నగా గడ్డ పొడి ఉంది, ఇంకా కరగలేదు. పక్కన నా బకెట్ బోర్లించి ఉంది.